నారింజ పేలికలు

నర్సింగం మోకాళ్ల మీద వంగి చెరువు గట్టుకు చెవి ఆనించాడు. అరచేత్తో మట్టిని రెండుసార్లు తట్టి మళ్లీ విన్నాడు. వెనుక నిలబడిన అతని బిడ్డ మంజుల ఊపిరి కూడా మెల్లగా తీసుకుంది. లోపల జీవం ఉంటే తట్టినప్పుడు కదులుతుంది. కదిలితే రాలే మట్టి చప్పుడు వాళ్ల బాపుకు తప్ప ఇంకెవరికీ వినిపించదు.

“ఉన్నది. పిల్లల తల్లి గాదు, ఒంటిది” అన్నాడు లేచి.

ఆ బొరియకు మూడు నోళ్లు. ఒకదాన్ని తడి మట్టితో మూశాడు. ఒకదానికి వల సంచి బిగించాడు. మూడోదాని దగ్గర పొగకుండ బోర్లించి, లోపల ఎండుగడ్డి అంటించి, కుండ అడుగునున్న బెజ్జంలో నోరు పెట్టి ఊదాడు. పొగ లోపలికి పోయింది. రెండు నిమిషాలకు వల సంచి ఒక్కసారిగా ఉబ్బి గుంజుకుంది. పందికొక్కు. బూడిద రంగు వెంట్రుకలు నిక్కబొడుచుకొని గుర్రుమంటున్నది.

ఇంద్రజ చేతులకు తొడుగులు వేసుకుని దాన్ని గుడ్డసంచిలోకి మార్చింది. తూకం వేసింది. చిన్న కత్తెరతో తోక కొసను బియ్యపు గింజంత కోసి, స్పిరిట్ ఉన్న సన్నని గొట్టంలో వేసి మూత బిగించింది. మంజుల ఆ గొట్టానికి అతికించే చీటీ మీద గుండ్రని అక్షరాలతో ఊరు, తేదీ, ఆడ, రెండు వందల డెబ్బై గ్రాములు అని రాసింది. ఇంద్రజ సంచి విప్పి పందికొక్కును అదే బొరియలోకి వదిలేసింది. తరువాత ఒక వెదురు పుల్లకు నారింజరంగు గుడ్డముక్క కట్టి, బొరియ పక్కన పాతి, ఫోనులో ఆ చోటును గుర్తు పెట్టుకుంది.

ఇంద్రజది హైదరాబాదు. నీళ్ల ఒడ్డున బతికే ఎలుకలు ఎక్కడెక్కడ ఉన్నాయి, ఒక చోటివాటికీ ఇంకో చోటివాటికీ చుట్టరికం ఉందా లేదా అన్నది ఆమె పరిశోధన. రాయికల్ దగ్గరి ఈ చెరువు, కోరుట్ల దగ్గరి కాలువ, సిరిసిల్ల దగ్గర మానేరు నీళ్లు, ఈ మూడు చోట్ల తోకలు సేకరిస్తున్నది. చెరువు కింది పొలాలు చాలావరకు ఆమె మేనమామ కిషన్ రావువే. ఆయన ఇంట్లోనే దిగింది. ఎలుకలు పట్టడానికి నర్సింగాన్ని, చీటీలు రాయడానికి పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న అతని బిడ్డను పెట్టుకుంది.

నర్సింగం ఆ గుడ్డముక్క వైపే చూస్తున్నాడు.

“మేడం, మా దగ్గర కట్టెకు పేలిక కడితే ఎల్కల మందు పెట్టినట్టు. గా దిక్కు ఎవ్వలు పోరు. మేకలను గూడ తోలరు.”

“మంచిదే కద. ఎవరూ తొక్కరు.”

“మంచిదే. గని రేపు నిజంగ మందు పెడితే ఎట్ల తెల్వాలె?”

ఇంద్రజ చేతి తొడుగులు తీసింది. మందుకు కట్టేది పాత చీరల పేలికలు గదా, తనవి నారింజ రంగువి, తేడా తెలుస్తుంది అన్నది. వాడలో అందరికీ ఆ మాట చెప్పమన్నది. నర్సింగం తల ఊపాడు. పెద్దింటి ఆడబిడ్డ మాటను కాదనలేడు. నారింజ రంగుదైనా అది పేలికే కదా అని మంజులకు అనిపించింది. అనిపించినవన్నీ అనే అలవాటు ఆ పిల్లకు లేదు.

ఆ సాయంత్రమే నర్సింగం వాడలో ఇంటింటికీ తిరిగి చెప్పాడు. నారింజ రంగుది మందు గాదు, మేడం గుర్తు, భయపడకుండ్రి అని. అందరికంటే ముందు తన తల్లి భూమవ్వకు చెప్పాడు. కోతలు దగ్గరపడ్డప్పుడు ఎలుకలు బొరియల్లోకి ఈడ్చుకుపోయి దాచిన కంకులను తవ్వి తెచ్చుకోవడం ఆమె పని. ఎలుకలు పట్టేవాళ్లకు ఆ గింజలే కూలి. వాళ్ల తాతల కాలం నుంచీ అంతే. ఆ గింజలను ఆమె కొడుకు వంటలో కలపనివ్వదు. కోడలు రాజవ్వ బీడీలు చుడుతూ ఎంత పిలిచినా వినకుండా, వసారాలో తన పొయ్యి మీద తన కుండే పెట్టుకుంటుంది.

మరునాడు భూమవ్వ గంప నెత్తిన పెట్టుకుని చెరువు దగ్గరికి వచ్చి, ఇంద్రజ తోక కోయడం దగ్గర నుంచి చూసింది.

“ఎల్కల కులం చూస్తున్నవా బిడ్డా?”

ఇంద్రజ నవ్వింది. “కులం కాదు అవ్వా, వంశం.”

“రెండు ఒక్కటే గద. మల్ల పెద్ద కులపువి ఏ ఒడ్డున ఉన్నయో సూడు, నేను ఇంకో ఒడ్డున తవ్వుకుంట.”

అప్పుడే గట్టు మీద మోటరు సైకిల్ ఆగింది. కిషన్ రావు కొడుకు దినేశ్. గుడ్డసంచిలోంచి పందికొక్కు జారి బొరియలోకి దూరడం అతని కంటబడింది. దిగి వచ్చి, పాతిన పుల్లలను వరసగా చూసుకుంటూ నడిచాడు.

“పట్టినదాన్ని మల్ల ఇడిసిపెట్టుడేంది ఇంద్రజా? ఆధార్ కార్డులు ఇస్తున్నవా ఎల్కలకు?”

మళ్లీ పట్టినప్పుడు ఎంత దూరం పోయాయో తెలియాలి కాబట్టి వదలాలి అని ఇంద్రజ చెప్పింది. అతను నవ్వలేదు. నర్సింగం వైపు తిరిగాడు.

“మీ అయ్య తోకలు దండ గుచ్చి తెచ్చి మా నాయినకు లెక్క చూపెట్టేటోడు. నువ్వు కొస కోసి పొలంలకు తోలుతున్నవు. నడిమిట్ల మా వరి ఎవడు తినాలె?”

నర్సింగం చేతిలోని పొగకుండను కింద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దినేశ్ ఇంకేమీ అనకుండా బండెక్కి పోయాడు. అతను తిట్టి పోయుంటే బాగుండేదని మంజులకు అనిపించింది.

*

మూడో రోజు పొద్దున్నే ఇంద్రజ నర్సింగాన్ని, మంజులను తన జీపులో ఎక్కించుకుంది. కోరుట్ల కాలువ దగ్గర ముందురోజు పెట్టిన బోనుల్లో రెండే ఉన్నాయి. వాటి తోకలు కోసుకుని, అక్కడి నుంచి సిరిసిల్ల వైపు పోయారు.

మానేరు నీళ్లు కనుచూపు మేరా పరుచుకుని ఉన్నాయి. ఒడ్డున ఎండిన చెట్ల మోళ్లు నీళ్లలోంచి పైకి లేచి ఉన్నాయి. ఒక చోట నీటి అడుగున, ఆనకట్టకు మునిగిన ఊరి సిమెంటు రోడ్డు కనిపించింది. ఒడ్డు నుంచి తిన్నగా లోపలికి పోయి, లోతులో కనబడకుండా పోయింది. మంజుల ఆ రోడ్డు చివర చూడాలని చాలాసేపు ప్రయత్నించింది.

“ఊరు మునిగినప్పుడు ఎల్కలు ఏడికి పోయినయి మేడం?” అడిగాడు నర్సింగం.

పోగలిగినవి గుట్ట మీదికి పోయి ఉంటాయని ఇంద్రజ చెప్పింది. అవి కొన్నే. ఇప్పుడున్నవన్నీ ఆ కొన్నింటి సంతానమే అని ఆమె అనుమానం. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉంటే ఒక్క రోగానికే అన్నీ పోతాయి. మీ చెరువువి అట్లా కాదు, అవి పాత కుదురు, ఒక్కో బొరియది ఒక్కో వంశం లాగా ఉంది, అదే నాకు కావలసింది అన్నది. చెప్తుంటే ఆమె కళ్లు మెరిశాయి. నర్సింగం మెచ్చుకున్నట్టు తల ఊపాడు. ఇన్నేళ్లుగా తాను చంపుతున్నవాటిని ఎవరైనా పొగడటం అతను వినడం అదే మొదలు.

ఎండ నెత్తి మీదికి వస్తుండగా ఇంద్రజ ఫోను మోగింది. ఆమె చేతుల్లో ఎలుక ఉంది. మంజులను ఫోను తీసి చెవి దగ్గర పట్టుకొమ్మన్నది. దినేశ్ గొంతు మంజులకూ వినిపించింది. నిన్నటి కోపం అందులో లేదు. కోత మిషన్ వస్తున్నదట. చక్రాల కింద జెండాలు పోకుండా చూడాలట. ఏ బొరియ ఎక్కడుందో పటం పంపితే డ్రైవరుకు చూపిస్తానన్నాడు.

“చూసినవా, బావకు కూడా అర్థమైంది” అన్నది ఇంద్రజ. ఎలుకను వదిలి, చేతులు కడుక్కుని, ఫోను తెర మీద వేళ్లు కదిపింది. మంజుల పక్కనే ఉంది. తెర మీద చెరువు నీలంగా, దాని చుట్టూ నారింజ చుక్కలు. ఒక్కసారి నొక్కితే పటం దినేశ్‌కు పోయింది.

చెరువు కింద దినేశ్ వాళ్ల వరి కంకి మెడ దగ్గర ఇంకా పచ్చగానే ఉంది. నిన్న దాని పక్కనుంచే నడిచి వచ్చింది మంజుల. ఇంకో పది రోజులైనా కాకుండా ఆ మడిలో మిషన్ దిగదు. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. ఇంద్రజ సంతోషంగా ఉంది. బాపు నీళ్ల సీసా మూత తిప్పుతున్నాడు. వాళ్లకు తెలియని సంగతి తనకేం తెలుసు అనుకుంది. చీటీ తీసుకుని తేదీ రాసింది. ఒక అంకె తప్పు పడితే కొట్టేసి మళ్లీ రాసింది.

ఊరు చేరేసరికి దీపాలు పెట్టారు. భూమవ్వ అప్పటికే తన కుండ దించుకుని తిని పడుకుంది. కంకులు బాగా దొరికాయట, గంపకు సగమయ్యాయట. రాజవ్వ చెప్పింది.

*

తెల్లవారుతుండగా ముగ్గురూ చెరువు దగ్గరికి పోయారు. గాలి లేదు. రోజూ ఆ వేళకు నీళ్ల అంచున బారులు తీరే కొంగలు చాలా దూరంగా, అవతలి ఒడ్డున ఉన్నాయి. తుంగ మొదట్లో ఒక పందికొక్కు పడుకుని ఉంది. బయట, వెలుతురులో. నర్సింగం అడుగుల చప్పుడుకు అది పారిపోలేదు. మూతి నీళ్లకు ఆనించి, పొట్ట ఎగరేస్తూ చూసింది.

“ఇంత సులువుగ దొరకడం ఎప్పుడూ చూడలేదు” అంటూ ఇంద్రజ చేయి చాచింది.

నర్సింగం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. దొరల ఇంటి ఆడమనిషిని తాకడం అతని జన్మలో అదే మొదటిసారి. పట్టుకున్న సంగతి అతనికి తెలిసినట్టు లేదు. ముక్కుతో గాలి పీల్చాడు. మంజుల కూడా పీల్చింది. వెల్లుల్లి వాసన, ఎలుకల మందుది.

దగ్గరి నారింజ పేలిక దగ్గరికి పోయి వంగాడు. బొరియ నోట్లో చించిన కాగితం ముక్క, దాని మీద నూనె మరక, నాలుగైదు నూకలు. నూకలకు నల్లటి పొడి అంటుకుని ఉంది. పక్క పేలిక దగ్గరా అదే. దాని పక్కదాని దగ్గరా అదే. మామూలు పేలిక ఒక్కటి కూడా ఎక్కడా కట్టలేదు. కట్టే పని లేకుండా పుల్లలు ముందే పాతి ఉన్నాయి.

నాలుగో పేలిక దగ్గర గట్టు తవ్వి ఉంది. తవ్విన మట్టి అంతా కుడి పక్కన పోసి ఉంది. భూమవ్వది ఎడమచేతి వాటం.

నర్సింగం పరుగు తీశాడు.

భూమవ్వ తన పొయ్యి పక్కన ముడుచుకుని ఉంది. రాత్రి మూడుసార్లు వాంతి అయిందట. ఎండ దెబ్బ అనుకుని ఎవరినీ లేపలేదట. తవ్వేటప్పుడే నాలుగు గింజలు నోట్లో వేసుకుని నమిలే అలవాటు ఆమెది. ఆపైన దంచుకుని వండుకుంది. కంకుల మీది నలుపును బొరియ మట్టి అనుకుంది. వాసన పట్టే వయసు ఎప్పుడో దాటింది. నర్సింగం కుండలో మిగిలినదాన్ని, గంపలో మిగిలినదాన్ని గుంత తీసి పూడ్చాడు. రాజవ్వను ఇంటింటికీ పరుగెత్తించాడు. ఇంకెవరూ తవ్వలేదని ఆమె వచ్చి చెప్పింది. అప్పటికి ఇంద్రజ జీపు వాకిట్లోకి తెచ్చింది.

జగిత్యాల ఆసుపత్రి దారిలో ఇంద్రజ ఒక చేత్తో ఫోను పట్టుకుని దినేశ్‌తో మాట్లాడింది. మందు పెట్టినవా బావా అని మాత్రమే అడిగింది. అవతల నుంచి చాలాసేపు మాటలు వచ్చాయి. ఆమె ఊఁ అన్నది. మళ్లీ ఊఁ అన్నది. ఫోను పక్కన పెట్టాక దారి పొడుగునా అద్దంలో వెనక్కి చూడలేదు. భూమవ్వ తల మంజుల ఒడిలో ఉంది. ఆమె నోటి నుంచి అదే వాసన వస్తున్నది.

*

మందు పేరు ఇంద్రజే డాక్టరుకు చెప్పింది. దానికి విరుగుడు లేదని, రెండు రోజులు గడిస్తేగానీ చెప్పలేమని డాక్టరు అన్నాడు. భూమవ్వ చేతికి సూది గుచ్చి సెలైన్ పెట్టారు. మందు తిన్న కేసు కాబట్టి కానిస్టేబులు వచ్చి రాసుకోవాలన్నారు.

కానిస్టేబులు కంటే ముందు కిషన్ రావు వచ్చాడు. దినేశ్ రాలేదు. కిషన్ రావు డాక్టరుతో నెమ్మదిగా మాట్లాడి, భూమవ్వను కిటికీ పక్క మంచానికి మార్పించాడు. నర్సింగానికి టిఫిన్ తెప్పించాడు. అది పొట్లంలోనే ఉంది. తరువాత అతన్ని వరండాలోకి పిలిచి భుజం మీద చేయి వేసి మాట్లాడాడు. మంజుల తలుపు దగ్గర నిలబడి వింది.

“మందు పెట్టే ముంగట మీకు చెప్పుడు మన ఊరి పద్ధతి. చెప్పలేదని రాపిస్తే పోరని మీద కేసయితది. మీ వాడకు రంగు పేలికలు మందు గావని చెప్పింది ఎవ్వలు? నువ్వే గద. ఆలోచించుకో. అవ్వ సంగతి నేను చూసుకుంట.”

“నేనే చెప్పిన దొరా” అన్నాడు నర్సింగం. పొద్దుటి నుంచీ అతను లోపల అనుకుంటున్న మాట అదొక్కటే.

కానిస్టేబులు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని రాశాడు. కిషన్ రావు చెప్పినప్పుడు రాశాడు, నర్సింగం తల ఊపినప్పుడు ఇంకో వాక్యం రాశాడు. రాసింది చదివి వినిపించాడు. “మందు పెట్టే సంగతి నాకు ముందే తెలిపినారు. నేను మా ఇంటిలో చెప్పుట మరచినాను.” అట్ట మీద కాగితం పెట్టి, పెన్ను నర్సింగం చేతికి ఇచ్చాడు. ఇంద్రజ తలుపు పక్కన గోడకు ఆనుకుని కింది గచ్చు చూస్తున్నది.

నర్సింగం పెన్ను మూత తీశాడు.

“నీకు చెప్పిండ్రా కొడుకా?”

భూమవ్వ కళ్లు తెరిచి ఉన్నాయి. అందరూ ఆమె నిద్రలో ఉన్నదనుకున్నారు. పెదాలు ఎండి తెల్లబడ్డాయి. ఆమె ఎవరినీ చూడటం లేదు, కొడుకునే చూస్తున్నది.

“ఎరుకుండి గూడ నన్ను పొమ్మన్నవా?”

నర్సింగం చేతిలోని పెన్ను కాగితం మీద ఆగింది. అక్కడ చిన్న నీలి చుక్క పడి మెల్లగా పెద్దదైంది.

“చెప్పలే” అన్నది మంజుల.

తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. కిషన్ రావు ఆమె వైపు తిరిగాడు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే నడుమ రాకూడదని, బయట కూర్చోమని మెత్తగానే చెప్పాడు. ఆమె కదలలేదు. మంచం కోడు పట్టుకుంది.

“బాపుకు ఎవ్వలు చెప్పలే బాపమ్మా. నిన్న పొద్దంత సిరిసిల్లల నా పక్కనే ఉన్నడు. మిషన్ అస్తదని పటం తెప్పిచ్చుకున్నరు. వరి మెడకాడ ఇంక పచ్చగనే ఉన్నది, మిషన్ రాదు. నాకు గప్పుడే ఎరుక. నేను నోరు తెరవలే.”

“ఏం పటం?” అన్నాడు కానిస్టేబులు.

నర్సింగం పెన్నుకు మూత పెట్టి అట్ట మీద ఉంచాడు. సంతకం పెడతావా లేదా అని కానిస్టేబులు అడిగితే, పెట్టను సారూ అన్నాడు. తల్లి ముఖం మీదికి వంగాడు.

“నాకు తెల్వదవ్వా. తెలిస్తే నిన్ను పోనిస్తనా.”

భూమవ్వ సూది గుచ్చని చేతిని దుప్పటి మీద జరిపి, అతని చొక్కా కొస పట్టుకుంది.

కిషన్ రావు లేచాడు. రేపటి నుంచి తన పొలాల దిక్కు రావద్దని నర్సింగంతో అన్నాడు. ఎండల గురించి చెప్పినంత మామూలుగా అన్నాడు. “ఇంద్రజా, నేను కారుల ఉంట, రా” అని బయటికి పోయాడు.

కానిస్టేబులు చదివిన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంకో కాగితం తీశాడు.

“మొదటి నుంచి చెప్పు. బొరియలు ఎన్ని?”

“చెవికి ఇనపడ్డయి చూపెట్టుకుంట పోయిన సారూ. లెక్క నాకు తెల్వది.”

ఇంద్రజ చేయి తలుపు గడియ మీద ఉంది. పొద్దున నర్సింగం పట్టుకున్న మణికట్టు. ఆమె అక్కడే ఆగిపోయింది.

“నలభై ఒకటి” అన్నది.

కానిస్టేబులు అంకెలు వేసి, పక్కన అక్షరాల్లో కూడా రాశాడు. “పటం మీదేనా? ఎవరికి పంపిండ్రు మేడం?”

బయట కారు హారన్ ఒకసారి మోగింది.

“దినేశ్‌కు” అన్నది. ఫోను తీసి చూసి, అడగకముందే చెప్పింది. “నిన్న. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు.”

హారన్ మళ్లీ మోగింది, ఈసారి పొడుగ్గా. ఇంద్రజ గోడ పక్క బెంచీ మీద కూర్చుంది. నర్సింగం అటు చూడలేదు. తల్లి పెదాల మూలలో కొత్తగా వస్తున్న నురుగును తువ్వాల కొసతో తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్లీ వస్తున్నది.